రాగి అడిగిన పులుపు

కార్తీకం చివర్లో ఒక గురువారం ఉదయం సీతారాంరావు వేసుకున్న లెక్క చాలా చిన్నది. పొద్దున జున్నుపాలు వస్తాయి. ఆ పాలలోంచి కోడలు ప్రమోదిని తనకు కావలసినది తీస్తుంది. సాయంత్రం హైదరాబాద్ నుంచి మందుల కంపెనీ ఆఫీసరు యేసుదాసు వచ్చి చూస్తాడు. నచ్చితే కంపెనీ తన పని ఈ ఇంటికే ఇస్తుంది. నచ్చకపోతే సోమవారం ప్రమోదిని హైదరాబాద్ వెళ్లి అక్కడ వేరే ల్యాబులో ఉద్యోగంలో చేరుతుంది.

ఇందులో చివరి మాట సీతారాంరావుకు గిట్టుబాటు కాదు. కొడుకు శ్యాంసుందర్‌రావు ఇప్పటికే మంచిర్యాల బ్యాంకులో పనిచేస్తూ శనివారాలు మాత్రమే ఇంటికి వస్తున్నాడు. కోడలు కూడా వెళ్లిపోతే ఒకే ఇల్లు మూడు ఊళ్లలో కొట్లు తెరిచినట్టవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఆ ఉద్యోగం సంగతి తెలిసిననాడు, "గంత దూరం ఎందుకు బిడ్డా, మన దుకాణం ఎనుక గది ఖాళీగనే ఉన్నది. ఆడ్నే పెట్టుకో, నేనున్న" అని మాట ఇచ్చినవాడు తానే. కరీంనగర్ బజార్లో రాగి, ఇత్తడి సామాను అమ్మే మనిషి. చిల్లుపడ్డ బిందెలు మార్చి ఇచ్చాడు కానీ, ఇచ్చిన మాట ఎన్నడూ మార్చలేదు.

వెనక గదిలో ఇప్పుడు గంగాళాలు, కొప్పెరలు ఒక మూలకు జరిగాయి. మధ్యలో ఒక బల్ల, బల్ల మీద ఇనుప కడ్డీకి బిగించిన మూరెడు పొడవు గాజు గొట్టం. గొట్టం నిండా సగ్గుబియ్యం కంటే సన్నటి పూసలు. మొదట అవి తెల్లగా ఉండేవి. ప్రమోదిని వాటి మీద మొదటి సీసాలోని మైలుతుత్తం నీళ్లు పోయగానే నీలం పట్టాయి. తరువాత ఎంత కడిగినా ఆ నీలం పోలేదు. మైలుతుత్తంలో ఉన్నది రాగే కదా, ఆ రాగిని పూసలు పట్టి ఉంచాయని ఆమె చెప్పింది. ఆ మాట విన్నప్పటినుంచి సీతారాంరావుకు ఆ గొట్టం మీద సొంత సరుకు మీద ఉండే ప్రేమ పుట్టింది.

"పాలల్ల శానా రకాల ప్రొటీన్లుంటయి మామయ్యా," అని ఆమె వివరించింది. "అన్నీ పూసల నడుమకెళ్లి జారిపోతయి. నాకు కావల్సినదాని పేరు లాక్టోఫెరిన్. దాని ఒంటిమీద రాగిని పట్టుకునే చేతులసొంటివి ఉంటయి. రాగి దొరకంగనే పట్టుకొని ఆగుతది."

"అంగడికొచ్చినోళ్లందరు మన దుకాణం ముందట ఆగరు. ఇంట్ల పెండ్లున్నోడే బిందెను చూసి ఆగుతడు. గంతేనా?"

"గంతే."

"మరి ఆగినోన్ని మళ్ల ఎట్ల సాగనంపుతవ్?"

"రాగంటె దానికన్న ఎక్కువ ఆశ ఉన్న ఇంకోదాన్ని తెచ్చి పోస్తె, అది చోటు ఇడుస్తది. లేకుంటె నీళ్లను జర పుల్లగ చేస్తె చేతులల్ల పట్టు సడలుతది. గా పని చేసేదే మూడో సీసా."

ఇది సీతారాంరావుకు వెంటనే అర్థమైంది. గిరాకీని ఆపడం ఎవరైనా చేస్తారు. గొడవ లేకుండా సాగనంపడమే వ్యాపారం.

పాల సంగతి మాత్రం ఆయన తన చేతిలోకి తీసుకున్నాడు. ఈనిన బర్రె మొదటి రోజుల్లో ఇచ్చే పాలు ఆ చుట్టుపక్కల ఎవరూ అమ్మరు. అడిగినవాళ్లకు ఊరికే ఇస్తారు. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదన్నది ఒక్కటే కట్టుబాటు. అందుకని ముందురోజే దుకాణంలో పనిచేసే నాగయ్యను పెద్దపల్లి తోవలో ఉన్న పల్లెలకు పంపుతూ, "ధర మాట ఎత్తకు. ఒక్క బిందెడు తే, చాలు" అని చెప్పాడు.

"ఎందుకని అడిగితె ఏం చెప్పాలె పటేలా?"

సీతారాంరావు ఆలోచించాడు. లాక్టోఫెరిన్ అంటే నాగయ్యకు నోరు తిరగదు. నోరు తిరిగినా వినేవాళ్లకు తలకెక్కదు. అబద్ధం చెప్పించడం ఆయనకు ఇష్టం లేదు. "కోడలు అడిగిందని చెప్పు," అన్నాడు. ఇంతకంటే పొదుపైన నిజం ఇంకొకటి లేదనుకున్నాడు.

ఆ గురువారం పొద్దున నాగయ్య సైకిల్ మీద రాలేదు. ట్రాలీ ఆటోలో వచ్చాడు. ఆటో నిండా గిన్నెలు, చెంబులు, క్యాన్లు, మూతలకు గుడ్డలు కట్టిన బకెట్లు.

"ఏందిర గిది? ఒక్క బిందె గద అడగమన్నది?"

"నేనేం జేయాలె పటేలా? ఒక్కింట్లనే అడిగిన. గామె పక్కామెకు చెప్పింది. నేను సైకిల్ మలిపేలోపట వాడకట్టంత గిన్నెలు పట్టుకొని నిలబడ్డరు. ఒక ముసలామె అయితె బర్రెకు బొట్టు పెట్టి మరీ పిండింది."

"ఎందుకని అడిగిన్రా?"

"అడిగిన్రు. కోడలమ్మ అడిగిందన్న. ఇగ మల్ల ఒక్క మాట అడుగలే. అందరు నవ్విన్రు."

ఆ నవ్వును సీతారాంరావు లెక్కలో వేసుకోలేదు. ఆనాటి తరుగంతా అక్కడినుంచే మొదలైంది.

ప్రమోదిని తనకు కావలసినన్ని పాలు తీసుకుని మీగడ తీసింది, విరగ్గొట్టింది, గుడ్డలో వడకట్టి తేట పట్టింది. ఆ తేటను గొట్టం మీదికి బొట్టుబొట్టుగా వదిలి, కడిగే ఉప్పునీళ్లున్న రెండో సీసాను బల్ల మీద పెట్టింది. మూడో సీసా, దాని పక్కన అవసరానికి ఉంచిన, ఘాటు వాసన వేసే పుల్లటి మందు చిన్న సీసా వరండాలో మంచు గడ్డలున్న తొట్టిలో ఉన్నాయి. అంతవరకు అంతా అనుకున్నట్టే జరిగింది.

అప్పుడే పక్కింటి నిర్మలాదేవి పసుపు, కుంకుమ, గాజులు పెట్టిన పళ్లెంతో వచ్చింది. సీతారాంరావు భార్య జానకీబాయి అప్పుడు పెరట్లో జొన్నలు చెరుగుతోంది.

"ఏం వదినా! మా ఇంట్ల పాలు పోసేటోనికి తెలిసినంక మాకు తెల్వాల్నా?" అంది నిర్మలాదేవి.

"ఏంది తెల్వాలె?"

"ఇగ నా దగ్గర గూడ దాస్తవా! కోడలు జున్ను అడిగిందట గద. ఊరూరా అదే ముచ్చట. పెండ్లయినంక ఇన్నేండ్లకు అడిగింది, అడగనియ్యి. కడుపుతోని ఉన్న మనిషి అడిగినంక లేదనొద్దు."

జానకీబాయి చేతిలో చాట ఆగింది. ఆ క్షణంలో ఆమె ముందు రెండు దారులున్నాయి. తనకు తెలియదని ఒప్పుకుంటే, ఇంటి కబురు పాలవాడి తరువాత విన్న అత్త అవుతుంది. తెలుసంటే నిర్మలాదేవి కంటే ఒక మెట్టు పైన ఉంటుంది. జానకీబాయి వ్యాపారి భార్య.

"మూడో నెల పడేదాక ఎవ్వలకు చెప్పొద్దనుకున్నం వదినా," అంది.

ఆ తరువాత వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. నాగయ్యను పిలిచి, మంచిర్యాల బ్యాంకుకు ఫోన్ చేసి శ్యాంసుందర్‌ను వెంటనే రమ్మని చెప్పించింది. కారణం చెప్పొద్దంది. నాగయ్య చెప్పకుండా ఉండడం అనేది ఎప్పుడూ జరగలేదు.

కొంచెం పొద్దెక్కేసరికి పెరడు ఆడవాళ్లతో నిండింది. ప్రమోదిని మంచు గడ్డలు చాలవని చెప్పడానికి బయటికి వచ్చి, చేతులకు రబ్బరు తొడుగులతో అట్లాగే నిలబడిపోయింది.

"నడు బిడ్డా, లోపటికి నడు. గంతసేపు నిలబడొద్దు," అంటూ జానకీబాయి ఆమె భుజం పట్టుకుంది.

"అత్తమ్మా, నా పని మధ్యల ఉన్నది!"

"గా మందుల వాసన ఇప్పుడు నీకు పడదు. నాతోని ముందుగాల చెప్తే నేను ఏమన్న అంటుంటినా?"

"ఏం చెప్పాలె?"

నిర్మలాదేవి నవ్వి, కోడలి తొడుగులు తీసి గాజులు తొడగడం మొదలుపెట్టింది. సంగతి అర్థం కావడానికి ప్రమోదినికి గాజులు రెండో చేతికి వచ్చేదాకా పట్టింది. "అయ్యో, గట్లాంటిదేం లేదు అత్తమ్మా! ఒట్టు!" అంది.

"మొదట్ల అందరు గట్లనే అంటరు," అంది ఒకామె.

"అనాలె గూడ. దిష్టి తగులుతది," అంది ఇంకొకామె.

లేదన్నకొద్దీ ఉన్నట్టే లెక్క. ఆ కట్టుబాటు ముందు ఏ చదువూ పనిచేయదు. ప్రమోదినిని లోపలి గదిలో మంచం మీద కూర్చోబెట్టారు. నిర్మలాదేవి గడపకు అడ్డంగా పీట వేసుకుంది. ప్రమోదిని లేచినప్పుడల్లా ఎవరో ఒకరు "నెమ్మదిగ, నెమ్మదిగ" అని మళ్లీ కూర్చోబెట్టారు.

ఆ గది కిటికీకి ఎదురుగా, పెరడు దాటితే వెనక గది కిటికీ. ప్రమోదిని ఊచలు పట్టుకుని అరిచింది. "మామయ్యా! గొట్టం ఎండనియ్యద్దు! తేట అయిపోయినంక రెండో సీసా మొత్తం పొయ్యున్రి. గులాబి రంగు పట్టీ పైన్నే ఆగుతది, పరేషాన్ కావద్దు. అటెన్క మూడో సీసా!"

సీతారాంరావు తల ఊపి బల్ల ముందు కూర్చున్నాడు. కోడలి విషయం నిజమో కాదో ఆయనకూ తెలియదు. అడగడం మామ పని కాదు. నిజమైతే మంచిదే, కాకపోతే కూడా మంచిదే, ఏదైనా సాయంత్రం యేసుదాసు వచ్చేది మాత్రం తప్పదు. ఆ పద్దును అట్లాగే తెరిచి ఉంచి, గొట్టం మీద దృష్టి పెట్టాడు.

తేట నీలం పూసల మధ్యనుంచి దిగుతుంటే కింద నుంచి పల్చటి నీళ్లు పోతున్నాయి. పైభాగాన మాత్రం నెమ్మదిగా లేత గులాబి పట్టీ ఒకటి తేలింది. ఆ ప్రొటీనులో ఇనుము ఉంటుందని, ఆ రంగు దానిదేనని ప్రమోదిని ముందే చెప్పింది. రెండో సీసా ఉప్పునీళ్లు పోసినా ఆ పట్టీ కదలలేదు. వచ్చినవాళ్లలో కొననివాళ్లంతా వెళ్లిపోయి, పెళ్లివారు మాత్రం బిందె పట్టుకుని కూర్చున్నట్టుంది. సీతారాంరావుకు సంతోషమైంది. మూడో సీసా కోసం వరండాలోకి వెళ్లాడు.

తొట్టిలో మంచునీళ్లు తప్ప ఏమీ లేదు.

"కిష్టవ్వా! గీ తొట్టిల సీసాలేవి?"

అంట్లు తోమే కిష్టవ్వ బావి దగ్గర్నుంచి జవాబిచ్చింది. "అమ్మ పారబొయ్యమన్నది పటేలా. గా వాసనకు కోడలమ్మకు వాంతులైతయన్నది. రెండు సీసాలు మోరీల పోసి కడిగి బోర్లేసిన. మంచిగ తెల్లగైనయి."

సీతారాంరావు మురుగునీళ్లు పోయే ఆ మోరీ వైపు చూశాడు. అందులో పోసింది తిరిగి రాదు. హైదరాబాద్ నుంచి తెప్పిస్తే శనివారం అవుతుంది. యేసుదాసు బస్సు అప్పటికే సిద్దిపేట దాటి ఉంటుంది. గొట్టంలో గులాబి పట్టీ ఉన్నదని చూపించవచ్చు. కానీ రాగిని పట్టుకుని వదలని సరుకు ఎవరికి కావాలి? తాళంచెవి పోయిన పెట్టెలో నగ ఉన్నదని చెప్పినట్టే.

ఆయన కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. "బిడ్డా! మూడో సీసా మోరీపాలైంది! చిన్న సీసా గూడ!"

ప్రమోదిని మంచం మీదనుంచి ఎగిరి కిటికీ పట్టుకుంది. "ఇప్పుడెట్ల మామయ్యా? అయితె పుల్లటిదేదన్న కావాలె! పులుపు! జల్ది పులుపు తెప్పియ్యున్రి, లేకపోతె నా పని ఖతం!"

 లోపలి గదిలో ఆడవాళ్లంతా ఒక్కసారి గొల్లున నవ్వారు.

"ఇంక దాస్తవా! ఇంక దాస్తవా!" అని నిర్మలాదేవి చేతులు తట్టింది. జానకీబాయికి అప్పటిదాకా లోపల ఎక్కడో ఉన్న కొద్దిపాటి అనుమానం కూడా తీరిపోయింది.

కోడలు పులుపు అడిగిందన్న మాటను నాగయ్య వీధిలోకి మోసుకెళ్లాడు. పాలకంటే వేగంగా పులుపు వచ్చింది. చింతకాయలు, పాత చింతపండు, నిమ్మకాయలు, ఉప్పులో వేసిన ఉసిరికాయలు, రెండు మోపుల పుంటికూర, అదే గోంగూర. మూలమీది హోటల్ సాహెబు ఉల్లిగడ్డల మీద పోసే సిర్కా, అంటే వెనిగర్, ఒక సీసా పంపాడు. అన్నీ తెచ్చి వెనక గది ముందే కుప్ప పోశారు, లోపల జాగా లేక.

సీతారాంరావు ఆ కుప్ప ముందు నిలబడి సరుకు ఎంచాడు. మొదట చేయి చింతపండు మీదికి పోయింది. అలవాటు. కానీ చింతపండుతో తోమిన రాగిచెంబు మెరిసేది పైపొర ఊడివస్తేనే అని ఆయనకు తెలుసు. గొట్టంలో రాగి ఉన్నదే పైపొరంత.

"చింతపండు పొయ్యాల్నా?" అని అరిచాడు.

"వద్దొద్దు! చింతపండు వద్దు!" అని కిటికీలోంచి కోడలు.

"చింతపండు వద్దట. నిమ్మకాయ కొయ్యున్రి," అని లోపల ఒకామె సర్దుబాటు చేసింది.

"నిమ్మకాయ?" అన్నాడు సీతారాంరావు.

"అదీ వద్దు! రాగిని గూడ ఊడబీకుతది!"

"రాగిని ఊడబీకుడేంది?" అని గదిలో ఎవరో అడిగారు.

"వేవిళ్లల్ల గట్లనే ఏదో ఒకటి ఒర్లుతరు. నేను నా పెద్దోని అప్పుడు గోడ సున్నం అడిగిన," అంది నిర్మలాదేవి.

"సిర్కా ఉన్నది బిడ్డా! నీళ్లలెక్క తేటగున్నది!"

"సిర్కా! సిర్కా అయితె సక్కగ సరిపోతది! నీళ్లు కలుపున్రి. సొరుగుల రంగు కాయితాలున్నయి, ముంచి చూడున్రి. నారింజ రంగుకు తిరిగినంక ఆపున్రి. మెల్లగ పొయ్యాలె మామయ్యా, ఒక్కసారే కుమ్మరించొద్దు!"

"ఇగో అమ్మా, సిర్కా ఉల్లిగడ్డలు తింటదట," అని గదిలో ఆడవాళ్లు హోటల్ సాహెబుకు మళ్లీ కబురు పెట్టారు.

సీతారాంరావు సిర్కాలో నీళ్లు కలిపాడు. కాయితం ముంచాడు, చూశాడు, ఇంకొంచెం కలిపాడు. తూకం వేసే మనిషి చేయి కనుక ఎక్కడ ఆపాలో దానికి తెలుసు. గొట్టం పైన సన్నటి ధారగా పోశాడు. మొదట ఏమీ కాలేదు.  తరువాత గులాబి పట్టీ కింది అంచు కొంచెం చెదిరింది. నీలం పూసలను వదిలి, బేరం కుదిరిన పెళ్లివారు ఒక్కొక్కరే లేచినట్టు, ఆ రంగు మెల్లగా కిందికి జారసాగింది. కింద గాజు నాళికలో మొదటి గులాబి చుక్క పడ్డప్పుడు సీతారాంరావు తెలియకుండానే దానికి దండం పెట్టాడు.

నాళిక నిండగానే అడుగున మర తిప్పి ఆపాడు. ఇంకా కొంత గులాబి గొట్టం సగంలో ఉంది. నిండిన నాళికను మంచులో పెట్టి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఇక నష్టం లేదనుకున్నాడు.

యేసుదాసు ఆటో దిగేసరికి గేటు దగ్గర నిర్మలాదేవి ఉంది. యేసుదాసు సన్నటి మనిషి, చేతిలో తోలు సంచి, మాటకు ముందు చిన్న దగ్గు.

"రాండ్రి సార్, మంచి రోజు వచ్చిన్రు. మిఠాయి తినిపోవాలె. ప్రమోదిని నెల తప్పింది," అంది ఆమె.

యేసుదాసు దగ్గి, అభినందించాడు. గదిలోకి వచ్చి నాళికను వెలుతురుకు ఎత్తి చూశాడు. తిప్పి చూశాడు. సంచిలోంచి ఏవో కాయితాలు, చిన్న సీసాలు తీసి పరీక్షించాడు. "బ్రహ్మాండంగున్నది పటేల్ సాబ్. మా దగ్గర గూడ ఇంత తేట రంగు రాలే," అన్నాడు.

సీతారాంరావు ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

"అందుకే బాధ అనిపిస్తుంది," అన్నాడు యేసుదాసు. "ఆమె ఈ స్థితిల మందుల నడుమ నిలబడి పనిచేసుడు మంచిది కాదు. మా కంపెనీ ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. ఇప్పుడైతె ఈ పని ఇంకో ఊళ్లె ఉన్నోళ్లకు ఇస్తం. బిడ్డ పుట్టి నడక నేర్చినంక మళ్లీ చూద్దాం."

లోపలి గది గడప దగ్గరే ఉన్న ప్రమోదిని అది విన్నది. గొంతు పెంచలేదు. "అయితె సోమవారం నేను హైదరాబాద్ పోవుడే అత్తమ్మా. ఆడ నా కడుపు సంగతి ఎవ్వలకు తెల్వది గద," అంది.

జానకీబాయి చేతిలో హారతి పళ్లెం ఆగింది. పొద్దటినుంచి ఆమె కోడలిని చాలాసార్లు కూర్చోబెట్టింది, తినమంది, లేవొద్దంది. అడగడం మాత్రం అడగలేదు. ఇప్పుడు పళ్లెం కింద పెట్టి, కోడలి గడ్డం పట్టుకుని, చిన్న గొంతుతో అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. ఉన్నదా, లేదా?"

"లేదత్తమ్మా. పొద్దటిసంది గదే చెప్తున్న."

 రాని మనవడు ఒకవైపు, ఉన్న కోడలు ఒకవైపు. జానకీబాయి లేచి, కొంగు నడుముకు చుట్టి, పెరటి మెట్ల మీద నిలబడింది.

"ఇగ ఇనున్రి! మా కోడలికి ఏం లేదు! కడుపు లేదు, గిడుపు లేదు! నేనే తెలియక అన్న. ఎవ్వలిండ్లకు ఆళ్లు పోవున్రి!"

పెరడంతా నవ్వింది. "అబ్బ, పెద్దమనిషి జల్ది నేర్చుకున్నది దాచుడు," అన్నారెవరో. సరిగ్గా అప్పుడే గేటు ముందు ఇంకో ఆటో ఆగి, శ్యాంసుందర్‌రావు దిగాడు. ఒక చేతిలో మిఠాయి డబ్బా, ఇంకో చేతిలో చామంతిపూల పొట్లం, ముఖం నిండా చెమట, నవ్వు.

"ఇగో! లేదంటున్నరు, మిఠాయి గూడ వచ్చింది!" అని నిర్మలాదేవి డబ్బా అందుకుంది.

"నాకెందుకు చెప్పలే?" అని శ్యాంసుందర్ భార్యను అడిగాడు.

"చెప్పనీకె ఏమన్న ఉంటె గద!" అంది ప్రమోదిని. పూలు మాత్రం తీసుకుంది.

యేసుదాసు దగ్గాడు. "మా ఇంటామె రిబ్కమ్మ గూడ మొదట్ల ఇట్లనే లేదు లేదన్నది. ఇప్పుడు మా కొడుకు తొమ్మిదో తరగతి," అని సంచి సర్దుకోసాగాడు.

సీతారాంరావు అందరినీ చూశాడు. ఉన్నదాన్ని ఉన్నదని చూపవచ్చు. లేనిదాన్ని లేదని ఎట్లా చూపడం? నోటిమాట ఎన్ని తూకాలు వేసినా ముల్లు అటే మొగ్గుతోంది. గిరాకీకి నోటిమాట చెప్పకు, సరుకు చూపు అని తండ్రి నేర్పిన పాఠం ఒకటి ఉన్నది. ఆయన యేసుదాసు చేయి పట్టుకుని వెనక గదిలోకి నడిపించాడు.

"సార్, మీరు కూసోన్రి. ఊర్ల జనం దేన్ని చూసి కడుపన్నరు? కోడలు పులుపు అడిగిందని. గా పులుపు ఎవ్వలు తాగిన్రో చూడున్రి."

సిర్కా నీళ్లు తీసి గొట్టం మీద పోశాడు. అడుగున మర తిప్పాడు. సగంలో ఆగిన గులాబి మళ్లీ కదిలి, నీలం పూసలను దాటుకుంటూ కిందికి దిగింది. యేసుదాసు సీసా మూత తీసి వాసన చూశాడు. గుమ్మం ముందున్న చింతకాయల కుప్ప చూశాడు. ఎదురుగా ఉన్న కిటికీ చూశాడు. మోరీ పక్కన బోర్లించిన రెండు ఖాళీ సీసాలు చూశాడు. ఆయన రసాయనాల మనిషి. ఒకదాని పక్కన ఒకటి పెడితే కూడిక తానే వేసుకోగలడు.

"అంటే... పారబోసిన్రా?"

"పారబోసిన్రు సార్."

"కిటికీలకెళ్లి ఆమె అడిగింది..."

"కడుపుకు కాదు సార్. రాగికి."

యేసుదాసుకు దగ్గు రాలేదు. నవ్వు వచ్చింది. గోడకు ఆనుకుని, కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ నవ్వు ఆగాక వరండాలో వరుసగా పెట్టిన గిన్నెల వైపు చూసి, "ఇంత జున్నుపాలు ఒక్క పొద్దున ఎట్ల దొరికినయి? మేము డెయిరీలన్ని తిరిగినా చెంబెడు దొరకలే. వేరే ఊరోళ్లదీ అదే బాధ," అన్నాడు.

"మా దిక్కు జున్నుపాలు అమ్మరు సార్. అడగాలె. అడిగితె ఇస్తరు."

"అయితె పని ఈడికే. వారం వారం ఒక బిందెడు తేట తియ్యాలె. మేడం, మీకు సమ్మతమేనా?"

వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ ప్రమోదిని సమ్మతమంది.  జానకీబాయి దగ్గరికి వచ్చి కోడలి చేతి గాజులు తీయబోయి, మళ్లీ ఆగి, "ఉండనియ్యి, మంచిగున్నయి," అంది.

ఆ సాయంత్రం గిన్నెలు తిరిగి పంపడం సీతారాంరావు స్వయంగా చూసుకున్నాడు. మిగిలిన పాలు కాచి చేసిన జున్ను కొన్ని గిన్నెలకే వచ్చింది. తక్కిన వాటిలో నిమ్మకాయలు తెచ్చినవాళ్లకు పుంటికూర, పుంటికూర తెచ్చినవాళ్లకు చింతకాయలు వేసి పంపాడు. ఏ గిన్నే ఖాళీగా పోలేదు, ఎవరి సరుకూ వాళ్లకే పోలేదు.

సోమవారం ప్రమోదిని హైదరాబాద్ బస్సు ఎక్కలేదు. వెనక గదిలో గొట్టం కడిగింది. మళ్లీ పాల కోసం నాగయ్యను పంపేటప్పుడు సీతారాంరావు ఈసారి పొదుపు చేయలేదు. కడుపూ లేదు, ఏమీ లేదు, మందుకోసం తీస్తున్నామని ఉన్నదంతా చెప్పమన్నాడు. నాగయ్య చెప్పాడు. పల్లెల్లో ఆడవాళ్లు నవ్వి, మొదటిసారి కంటే రెండు చెంబులు ఎక్కువే పోశారు.

ప్రొటీన్ రాగిని వదిలింది, పుకారు మాత్రం ఊరిని వదల్లేదు. తొమ్మిది నెలలు నిండి, ఆ పైన ఇంకో రెండు గడిచినా ఆ ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించకపోయేసరికి, సీతారాంరావు ఇంటివాళ్లకు గుట్టు చాలా ఎక్కువని ఊరు తీర్మానించింది.